డాలు పిలిచేదాకా

మంటలు లేచిన షెడ్డులోకి వెంకటేశ్‌ను పంపినది ఎవరు?

పోలీసులు ఈ ప్రశ్న అడిగారు. ఫైరింజనుతో వచ్చిన అధికారి అడిగాడు. ఒక విలేకరి అడిగి, జవాబు కోసం ఆగక, "ఆటల పిచ్చికి నిండు ప్రాణం బలి" అని తన జవాబు తానే అచ్చు వేయించుకున్నాడు. అడగవలసిన మనిషి, వెంకటేశ్ భార్య అనసూర్య, ఇంతవరకు ఎవరినీ అడగలేదు. ఆమెను మిల్లు గేటు దాటనిచ్చినవారు లేరు.

జరిగినదింత. ఆదిలాబాద్ పట్టణపు అంచున ఉన్న, పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగు మిల్లులో, సెలవు దినమైన ఒక ఆదివారం మధ్యాహ్నం, మేడ మీది గదిలో నలుగురు కూర్చొని ఆట ఆడుకుంటున్నారు. కింద పత్తి నిల్వ చేసిన షెడ్డులో నిప్పు పుట్టింది. లోపల ఒక కూలీ స్త్రీ నిద్రపోతోంది; పెన్‌గంగ నది అవతలి నుంచి పనికి వచ్చిన మరాఠీ మనిషి. నలుగురూ కిందికి పరుగెత్తారు. వారిలో మిల్లు ఫిట్టరు వెంకటేశ్ ఒక్కడే లోపలికి వెళ్లాడు. ఆమెను వెనుక కిటికీలోంచి బయటికి తోశాడు. తాను రాలేదు. ఆమె తన ఊరికి వెళ్లిపోయింది. ఆమెకు తెలిసినది పొగ మాత్రమే.

సోమవారం విచారణ. ఎవరూ పొమ్మనలేదని, సెలవు రోజున తనంతట తానే మంటల్లోకి దూకాడని మిల్లు యాజమాన్యం చెప్పబోతోంది. ఆ మాట నిలిస్తే, వెంకటేశ్ చావుకు వెంకటేశే బాధ్యుడు. యజమాని వైపు నుంచి ఆజ్ఞ వెళ్లిందని తేలితే, అతడు మిల్లు పని మీద చనిపోయినట్టు. అనసూర్యకు దక్కేదీ దక్కనిదీ ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది.

ఆ ఆట ఎరుగనివారి కోసం కొంత చెప్పాలి. ఒకడు కథ చెబుతుంటే మిగిలినవారు బల్ల చుట్టూ కూర్చొని ఆ కథలో తమ తమ పాత్రలను నడుపుతారు. గుహలు, రాక్షసులు, మూసిన ద్వారాలు, పాచికలు. కథ చెప్పేవాడు భానుప్రసాద్, మిల్లు యజమాని కొడుకు. పుణెలో చదువుకునే రోజుల్లో నేర్చుకొని తెచ్చాడు. ఇంగ్లీషు పేర్లకు నోరు తిరగనందువల్ల బల్ల దగ్గర తెలుగు పేర్లు పుట్టాయి. ముందు నిలబడి దెబ్బలన్నీ తన మీద వేసుకునేవాడు డాలు. గాయాలు మాన్పేవారు మందు. దూరం నుంచి పిడుగులు విసిరేవాడు మంత్రం. దగ్గరికి వెళ్లి నరికేవాడు కత్తి. ఇప్పటి పిల్లలు ఫోన్లలో ట్యాంకు, హీలరు అనుకునేవి ఇవే.

ఎవరి పాత్రను వారే ఎంచుకోవాలని ఆ ఆట పుస్తకం చెబుతుంది. భానుప్రసాద్ తానే పంచిపెట్టాడు. వెంకటేశ్ భుజాలు చూసి డాలు ఇచ్చాడు. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే హర్షిణి కత్తి కావాలని అడిగితే, "నర్సువి కదా, మందు నీకే సూటవుతది" అని నవ్వాడు. లారీల బరువు చూసే గుమాస్తా సిద్దిరాములుకు మంత్రం. కత్తిని తన దగ్గరే ఉంచుకున్నాడు. కథ చెప్పేవాడే కత్తి పట్టడం పద్ధతి కాదని ఎవరూ అనలేదు; మేడ అతడిది, బల్ల అతడిది, చాయ్ అతడిది. దెబ్బ తినే మనిషి ఒకడు ఉండాలన్నది ఆట నియమం. ఆ మనిషి ఎవరన్నది మాత్రం ఆట తేల్చలేదు.

దినాలు ముగిసిన తరువాత, విచారణకు ముందటి ఆదివారం, భానుప్రసాద్ మిగిలిన ఇద్దరినీ అదే గదికి పిలిపించాడు. పత్తి నమూనాలు పరిచి చూసేందుకు చేయించిన పొడవాటి బల్ల అది. నల్లరంగు వేసిన దాని మీద సుద్దతో గీసిన గుహ పటం అలాగే ఉంది. రాక్షసులకు బదులుగా పెట్టిన పత్తి గింజలు కూడా అలాగే ఉన్నాయి. వెంకటేశ్ తన పాత్రకు గుర్తుగా మిల్లు యంత్రం నుంచి తెచ్చుకున్న పెద్ద ఇనుప నట్టు పటం మధ్యలో ఆగి ఉంది.

"అధికారి ఆట గురించి అడుగుతడు," అన్నాడు భానుప్రసాద్. "ఆడేటోళ్లమని చెప్పండి. దాచేదేం లేదు. కానీ ఆట వేరు, మంట వేరు. వెంకటేశ్ ఒకరు చెబితే ఆగే మనిషి కాదు, ఒకరు చెబితే పోయే మనిషి కాదు. పోయిండు. అంతే."

"అంతే, చిన్నసేటు," అన్నాడు సిద్దిరాములు.

"బల్ల దగ్గర సేటు అనొద్దన్న కదా."

"అంతే, భాను సార్."

హర్షిణి ఇంకా కూర్చోలేదు.

అప్పుడు తలుపు దగ్గర అలికిడి అయింది. చెప్పులు బయట విడిచి అనసూర్య లోపలికి వచ్చింది. ముప్పై దాటని మనిషి. బజారులో బట్టల దుకాణానికి చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఈ రోజు గేటు దగ్గర వాచ్‌మన్ ఆమెను ఆపలేదు. ఆపకపోవడానికి అతడి కారణాలు అతడికి ఉండవచ్చు. ఆమె బల్ల చుట్టూ ఉన్న కుర్చీలను ఒకసారి చూసి, పటానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న దానిలో కూర్చుంది.

"చెల్లె, గా కుర్చీ... గది వెంకటేశ్ కూసునేది," సిద్దిరాములు గొణిగాడు.

"ఎర్కనే. ఇంకెండ్ల కూసోవాలె మరి, సేటు కుర్చీలనా?"

"ఏం కావాలమ్మా?" భానుప్రసాద్ మర్యాదగానే అడిగాడు.

"ఏం వద్దు. ఆట నేర్పుండ్రి."

"ఇప్పుడా?"

"ఆట పిచ్చిల పానం తీసుకున్నడని పేపర్ల రాసిన్రు. ఇంట్ల ఇద్దరు పిల్లలున్నరు. రేపు పెద్దగై, బాపు ఏం ఆడిండే అవ్వా అంటె, నాకు తెల్వదని చెప్పాల్నా? జర చూపెట్టుండ్రి. చూసి పోత."

భానుప్రసాద్ ఆలోచించాడు. గింజలు, పాచికలు, సుద్దగీతలు: చూస్తే ఎవరికైనా పిల్లల ఆటలాగే ఉంటుంది. ఆమె చూసి వెళ్లి నలుగురికీ అదే చెబితే తనకే మంచిది. తెలివైనవాడు గనుక ఒప్పుకున్నాడు. ఆ తెలివే అతడిని దెబ్బ తీసింది.

అనసూర్య నట్టును చేతిలోకి తీసుకొని తూకం చూసినట్టు చూసింది. "గీ డాలు ఏం జెయ్యాలె?"

"ముంగట నిలబడాలె, వదినె," అంది హర్షిణి. "ఎవలు కొట్టినా ముందుగాల నీకే తాకాలె. మేము నీ ఎనుక ఉంటం."

"ఎంత ఎనుక?"

హర్షిణి చూపు ఆమె చేతిలోని నట్టు మీద పడింది.

"మా ఆయన డాలా?" అనసూర్య తల అడ్డంగా ఊపింది. "ఇంట్ల బల్లి కనబడితే మంచమెక్కేటోడు. నేను చీపురు పట్టుకొని దాన్ని ఎళ్లగొట్టేదాక కిందికి దిగకపోయేది."

సిద్దిరాములుకు నవ్వు వచ్చి, రాకూడదని గుర్తొచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "నిజంగనా? మాకెన్నడు చెప్పలే."

"మీకెట్ల చెప్తడన్నా, ఆదివారమొస్తే గీడ డాలాయె. నేనేమో తాగనీకె పోతుండని, ఇంటికి రాంగనే నోటి వాసన జూసేదాన్ని. వాసన రాకపోతే ఇంకింత అనుమానం." ఆమె అతడి వైపు తిరిగింది. "నువ్వేంది మరి?"

"మంత్రం."

"నీకు మంత్రమా! ఇంట్ల మా వదినె ముంగట నోరు లేవదు, గీడ పిడుగులేస్తున్నవా?"

ఈసారి హర్షిణి కూడా నవ్వింది. ఆ రోజు తరువాత ఆమె నవ్వడం ఇదే మొదలు. నవ్వుతూనే కుర్చీ లాక్కొని కూర్చుంది. భానుప్రసాద్ తేలికపడ్డాడు. కథ మొదలుపెట్టాడు. నిప్పు లేని కథను జాగ్రత్తగా ఎంచుకున్నాడు: నేల కింద పారే ఏరు, మోకాలి లోతు నీళ్లు, చివర ఒక రాతి ద్వారం, దాని అవతల ఏదో కదులుతున్న చప్పుడు. కథ చెప్పడంలో అతడికి ప్రతిభ ఉంది. ఆ సంగతిని కాదనడం అన్యాయం.

"ద్వారం ఎవరు తెరుస్తరు?" అని అడిగాడు.

సిద్దిరాములు మెడ తిరిగింది. హర్షిణి మెడ తిరిగింది. అడిగినవాడి మెడ కూడా తిరిగింది. కుర్చీలో కూర్చున్నది ఎవరో గుర్తుకు రాకముందే ముగ్గురి చూపులూ ఆ కుర్చీ మీద వాలాయి.

"ఏంది, నా దిక్కు జూస్తరు?"

"నువ్వు డాలు గద చెల్లె."

"అయితేంది? లోపట ఏమున్నదో తెల్వదు. నేను తెరువ. పిడుగులేసేటోనివి నువ్వున్నవు గద, దూరంకెల్లి ఒకటెయ్యి, చూద్దాం."

"గట్ల కుదరదు," అన్నాడు సిద్దిరాములు, ఆట చెడిపోతుందన్న ఆత్రంలో. "మాట పడ్డంక డాలు వద్దనరాదు."

"ఏం మాట?"

భానుప్రసాద్ చప్పున పాచికను చేతిలోకి తీసుకున్నాడు. "అవన్నీ ఎందుకిప్పుడు. పాచిక వేద్దాం, ఎవరికి పెద్దది పడితే వాళ్లు..."

"ఏం మాటన్నా?"

సిద్దిరాములుకు అప్పటికి అర్థమైంది. అతడు తల వంచుకొని పత్తి గింజలను చూపుడువేలితో వరుసలో పెట్టసాగాడు. సమాధానం చెప్పినది హర్షిణి.

"'డాలు ముందుకు.' గదీ మాట."

అది పుస్తకంలో లేని నియమం. ప్రతి ద్వారం ముందూ ఎవరు వెళ్లాలన్న వాదనతో పొద్దంతా గడుస్తోందని భానుప్రసాద్ దానిని ప్రతిపాదించాడు. కథ చెప్పేవాడు ఆ రెండు మాటలూ అన్న తరువాత చర్చ ఉండదు, పాచిక ఉండదు, డాలు కదలాలి. అందరూ ఒప్పుకున్నారు. "నేనున్నదే గందుకు" అని వెంకటేశ్ కూడా నవ్వుతూ ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం వేరు, కాదనే చోటు లేకపోవడం వేరు. మిల్లులో జీతానికి ఉన్నవాడు మిల్లు మేడ మీద ఏ మాటను కాదనగలడో ఎవరూ యోచించలేదు. వారం వెంట వారం, ఏడాది వెంట ఏడాది, ఆ మాట పడగానే ఆ నట్టు కదిలింది. చివరికి అది నియమమని గుర్తుంచుకోవలసిన అవసరం కూడా లేకపోయింది.

హర్షిణి ఇదంతా క్లుప్తంగా చెప్పింది. అనసూర్య విన్నది. విని, నట్టును బల్ల మీద పెట్టి, వేలితో తోస్తూ సుద్దగీత దాటించింది.

"పోయిన. లోపటున్న. ఇగ మీరు?"

ఎవరూ తమ గుర్తులను కదపలేదు.

"రారా?"

"నువ్వు పిలువాలె, వదినె," అంది హర్షిణి. "డాలు లోపట జూసి 'రాండ్రి' అనాలె. గప్పటిదాక ఎవ్వలం గడప దాటొద్దు. అందరం ఒక్కసారే దూరితే అందరం పోతమని అట్ల పెట్టుకున్నం."

"నేను పిలువకపోతే?"

"ఆగాలె."

"పిలిచే తీరే లేదనుకో. నోట్లకు నీళ్లొచ్చినయి. పడిపోయిన. అప్పుడు?"

కిటికీ అవతల, కాలిన షెడ్డు రేకులను కూలీలు ఊడదీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ ప్రశ్న ఆ బల్ల దగ్గర ఎన్నడూ పుట్టలేదు. గుహలో డాలు ఎన్ని దెబ్బలు తిని పడి ఉన్నా, దానిని ఆడించే వెంకటేశ్ చెయ్యి చాపితే అందేంత దూరంలోనే కూర్చొని ఉండేవాడు. అతడి గొంతు ప్రతిసారీ వినిపించేది. గొంతు రాని రోజు ఏం చేయాలో నియమం చెప్పలేదు. షెడ్డు షటరు ముందు, పొగలో, ఈ తేడా ఎవరికీ తట్టలేదు. నియమం ప్రకారమే నిలబడ్డారు.

అనసూర్య ఒక్కొక్కరినే చూసింది. కుట్టులో తప్పు ఎక్కడ పడిందో చూసుకునే చూపు అది. ఏడుపు దానిలో లేదు.

"గా దినం గీ మాట అన్నరా?"

"చూడమ్మా," అన్నాడు భానుప్రసాద్, "అది మంట. ఆట కాదు. అక్కడ ఎవ్వరం ఏం అనలే."

"నిన్ను అడుగలే సేటు. ఈ పిల్లను అడుగుతున్న."

హర్షిణి బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుంది. "అన్నడు. షటరు ముంగట నిలబడి, భాను అన్నడు. 'డాలు ముందుకు' అన్నడు. వెంకటేశన్న నా దిక్కు జూసి నవ్విండు. గంతే, లోపటికి పోయిండు."

"నాకు ఇనబడలే," అన్నాడు సిద్దిరాములు, ఎవరూ అడగకముందే. "నేను నీళ్ల మోటరు కాడ ఉన్న."

"మోటరు కాడ లేవు, సిద్దన్న. నా పక్కపొంటనే ఉన్నవు. నా చున్నీ పట్టుకొని ఉన్నవు."

సిద్దిరాములు మళ్లీ గింజల్లోకి తల దించాడు.

భానుప్రసాద్ గొంతు పెంచలేదు. గొంతు పెంచే అవసరం రాని ఇంట్లో పెరిగినవాడు. "సరే హర్షిణి. రేపు ఇదే చెప్పు. ఆటలో వాడే మాట, మంట దగ్గర నా నోటికి వచ్చిందని చెప్పు. కానీ సగం చెప్పి ఆగొద్దు. ఆయన పోయిన తర్వాత ఏమైందో కూడా చెప్పు. ఫస్ట్ ఎయిడ్ బ్యాగు భుజానికి వేసుకొని షటరు ముందు నిలబడ్డది ఎవరు? పొగలో మనిషిని ఎట్ల బయటికి లాగాలో ట్రైనింగ్ అయినది ఎవరు? నేను నిన్ను ఆపిన్నా? చెయ్యి పట్టుకున్నానా?"

"లేదు."

"మరి ఎందుకు పోలే?"

జవాబు అందరికీ తెలుసు. అనసూర్యకు కూడా ఇప్పుడు తెలిసింది. ఆమె మెల్లగా అంది: "ఆయన పిలుస్తడని ఎదురుజూసినవు."

గదిలో ఉన్న తిరకాసు ఇదీ. ఆ మాట ఉత్త మాటే అయితే, ప్రాణాలు కాపాడడం నేర్చిన నర్సు చేతులు కట్టుకొని ఎందుకు నిలబడిందో చెప్పడానికి కారణం దొరకదు. ఆమె నిజంగా పిలుపు కోసమే నిలబడితే, ఆ మాట ఆజ్ఞే. అది ఆజ్ఞ అనడానికి ఈ లోకంలో మిగిలిన సాక్ష్యం ఒక్కటే: ఆమె కదలకపోవడం. భానుప్రసాద్‌ను పట్టించాలంటే ఆమె ముందుగా తనను తాను పట్టి ఇవ్వాలి. అతడు దీనిని ఆమె కన్నా ముందే చూశాడు.

"పేపర్లో ఏం వస్తదో ఆలోచించుకో," అన్నాడు, దాదాపు దయగా. "మిల్లు గురించి ఒక రోజు రాస్తరు. నర్సు చూస్తూ నిలబడ్డదని నెల రోజులు రాస్తరు. నీ ఆసుపత్రోళ్లు ఉంచుకుంటరా? ఇంకెక్కడన్న తీసుకుంటరా? నీ మంచికే చెప్తున్న."

హర్షిణి అతడిని చూడలేదు. "వదినె," అంది.

"నన్ను క్షమించు అనకు," అంది అనసూర్య. "గది నా దగ్గర లేదు. నీ మీద నాకు కోపమున్నది. ఇప్పుడే పుట్టింది, జల్దిన పోయేది గాదు. నువ్వొక్క అడుగేస్తే ఆయన బతుకుతుండెనేమో అని నేను పొద్దుమాపు అనుకుంట, నువ్వు గూడ అనుకో. గదంత మనిద్దరి నడుమ. కని ఆయన పిచ్చోడై దూకిండని రాస్తే మాత్రం నేను ఊకోను. నా పిల్లల బాపు పిచ్చోడు గాదు. చెప్తే పోయిండు. చెప్పినోని పేరు నీకెర్క."

"నాకు నౌకరి పోతది, వదినె. ఇంట్ల నా జీతమే ఉన్నది."

"నాకు మనిషే పోయిండు."

ఈ మాటను ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు.

భానుప్రసాద్ లేచి నిలబడ్డాడు. "ఇక చాలు. రేపటి సంగతి రేపు చూద్దాం. అనసూర్యా, నిన్ను ఇంటి దగ్గర దింపమని చెప్త."

కింద ఆవరణలో ఒక వాహనం వచ్చి ఆగింది. ఇనుప మెట్ల మీద బరువైన అడుగులు పైకి వచ్చాయి. మిల్లు మేనేజరు దశరథం, రొప్పుతూ, గుమ్మంలో నిలబడ్డాడు. వెంకటేశ్ కుర్చీలో ఉన్న మనిషిని చూసి ఒక క్షణం తడబడ్డాడు.

"చిన్నసేటు, విచారణ సారు వచ్చిండు. రేపటిదాక ఆగడట. షెడ్డు జూసి, గిప్పుడే, గీడనే అందరి మాట ఇంటనంటుండు. పెద్దసేటును కూడా పక్కకుండుమన్నడు." అతడు చెమట తుడుచుకున్నాడు. "కింద ఆఫీసు రూంల కూసున్నడు. ఒక్కొక్కలే రావాల్నట. ముందుగాల ఎవలొస్తరు?"

సిద్దిరాములు కుర్చీని వెనక్కి జరిపాడు, లేవడానికి కాదు. భానుప్రసాద్ కళ్లు హర్షిణి మీద ఉన్నాయి. అనసూర్య కళ్లు కూడా. హర్షిణి చేతులు ఇంకా బల్ల అంచు మీదనే ఉన్నాయి. తలుపు తెరిచే ఉంది. దశరథం అదే ప్రశ్నను ఈసారి కొంచెం గట్టిగా అడిగాడు.

పాఠకులారా, ఆమె లేస్తుందా లేదా అని ఈ వారం ఉత్తరాలు రాయకండి. దానికి బదులు ఒక పని చేయండి. మీ ఇంట్లో, మీరు పనిచేసే చోట, కష్టం వచ్చిన ప్రతిసారీ మీరందరూ మాట్లాడకుండా మెడ తిప్పి చూసే మనిషి ఒకరు ఉంటారు. ఈ పేజీ మూసేలోపు ఆ మనిషి పేరు పైకి అనండి. ఆ పేరు అన్న గొంతుతోనే, వారిని ఆ చోట నిలబెట్టే ముందు వారికి ఇష్టమేనా అని మీలో ఎవరు అడిగారో కూడా చెప్పండి.